ఐరిష్ సింగిల్ గ్రెయిన్ విస్కీ

ఐర్లండ్‌లో ఒకే డిస్టిలరీలో, ప్రధానంగా మొక్కజొన్న లేదా గోధుమతో, కొంత మొలకెత్తించిన బార్లీ (మాల్ట్) కలిపి తయారుచేసే విస్కీ ఇది. ‘సింగిల్’ అంటే ఒకే ధాన్యం అని చాలామంది పొరబడతారు. ఆ మాట డిస్టిలరీకి వర్తిస్తుంది. మాల్ట్ విస్కీని రాగి కుండల్లో విడతలు విడతలుగా కాస్తారు. దీన్ని మాత్రం ఎత్తైన స్తంభాల్లాంటి పరికరంలో ఆగకుండా స్వేదనం చేస్తారు. అలాంటి పరికరానికి 1830లో పేటెంటు పొందిన ఈనియస్ కాఫీ డబ్లిన్‌లో ఎక్సైజు అధికారిగా పనిచేసినవాడు.

అలా వచ్చిన మద్యం తేలికగా, నీళ్లలా రంగు లేకుండా ఉంటుంది. అందుకే దీని రంగూ రుచీ ఎక్కువగా పీపా నుంచే వస్తాయి. చట్టప్రకారం కనీసం 3 ఏళ్లు చెక్క పీపాల్లో ఉండాలి. బోర్బన్ అనే అమెరికా విస్కీ నిల్వచేసిన ఓక్ పీపాలో 8 నుంచి 15 ఏళ్లు గడిపితే వెనిలా, తేనె, కొబ్బరి వాసనలు తేలతాయి. ఇంకా ముదిరితే కాల్చిన చక్కెర, మిరియపు ఘాటు తోడవుతాయి. పీపాది మరీ పైచేయి అయితే చెక్క వగరే మిగులుతుంది.

వేరే విస్కీలతో కలిపి చేసే బ్లెండ్లలో వాడే సరుకుగానే దీన్ని చాలాకాలం చూశారు. అది అన్యాయమే. లౌత్ కౌంటీలోని కూలీ డిస్టిలరీ నుంచి వచ్చిన గ్రీనోర్ అనే సింగిల్ గ్రెయిన్ విస్కీ ఆ చిన్నచూపును చాలావరకు పోగొట్టింది.

మూతి సన్నని గ్లాసులో కొద్దిగా పోసి, ముందు వాసన చూసి, రెండు చుక్కల నీళ్లు కలిపితే అణగి ఉన్న పరిమళం విచ్చుకుంటుంది. ఐసు ఎక్కువైతే అది మూసుకుపోతుంది. సీసాలో పోశాక విస్కీ ముదరదు. లేబుల్ మీది వయసు పీపాలో గడిపినదే.