మూసీకి మేమూ బాధ్యులమే

నిజాం పేరెత్తితే మమ్మల్ని నవాబులంటారు. నల్లగొండ, పాలమూరుల్లో మేం దూది ఏకినోళ్లం, కౌలుకు దున్నినోళ్లం. అందుకే ఈ చరిత్రను దర్బారు వైపు నుంచి కాదు, నీళ్ల వైపు నుంచి చదువుతున్నాం.

1908 సెప్టెంబర్ 28న మూసీ వరద హైదరాబాదును ముంచింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో నగరానికి ఎగువన 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరదా ఆగింది, నగరానికి మంచినీళ్లూ దొరికాయి. అరబ్బీ పేరు పక్కన సంస్కృత సాగరం ఎవరికీ ఎబ్బెట్టు కాలేదు.

ఆ నీళ్లు చెడొద్దని 1996లో 111 నంబరు జీవో వచ్చింది. చుట్టూ పది కిలోమీటర్లలో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు కూడదంది. పాత మహబూబ్‌నగర్ జిల్లా కొత్తూరు దాకా 84 ఊళ్లు ఆ ఆంక్షలు మోశాయి. 2022లో ప్రభుత్వం వాటిని ఎత్తేస్తూ మరో జీవో ఇచ్చింది.

దిగువన నగరం మురుగు కత్వల మీదుగా పాత నల్లగొండ జిల్లా పోచంపల్లి, వలిగొండ వరిమళ్లలో పారుతుంది. ఆ పొలం రాముడిదా, రహీముదా అని మురుగు అడగదు.

నగరం పెరగొద్దని మేం అనం. ఎగువ రైతుకు పరిహారమివ్వాలి, దిగువకు శుద్ధిచేసిన నీళ్లు వదలాలి. మీ వతన్ ఏదని అడిగేవాళ్లు ఒకసారి ఆ మళ్ల గట్ల మీదికి రావాలి. అక్కడ మోకాళ్లలోతు మురుగులో నాట్లేసేవాళ్లలో మేమూ ఉన్నాం.