విశ్రాంతి దినము ఎవరి కొరకు?

మన అధ్యక్ష మండలమునకు నూరు సంవత్సరములు నిండినవి. నూరు సంవత్సరములనగా 5,200కు పైగా ఆదివారములు. కట్టిన దేవాలయములను, స్థాపించిన పాఠశాలలను, ఆసుపత్రులను లెక్కించుకొని దేవుని స్తుతించుచున్న ఈ సమయమున ఆ ఆదివారములను గూర్చి కూడ ఆలోచించుట యుక్తము. ఏలయనగా ఆదివారమున పని మాని దేవుని సన్నిధికి వచ్చుట మన పితరులకు తేలికగా దొరికిన భాగ్యము కాదు. ఆ దినము మనవరకు ఎట్లు వచ్చెనో తెలిసికొనినయెడల దానిని ఎట్లు ఆచరింపవలెనో కూడ తెలియును.

ఆజ్ఞకు రెండు కారణములు

"సబ్బాతు" అను హెబ్రీ మాటకు ఆగుట, మానుట అని అర్థము. పది ఆజ్ఞలు పరిశుద్ధ గ్రంథములో రెండుచోట్ల కనబడును. నిర్గమకాండము 20వ అధ్యాయములో విశ్రాంతి దినమునకు చెప్పబడిన కారణము సృష్టి: దేవుడు ఆరు దినములలో సమస్తమును చేసి యేడవ దినమున విశ్రమించెను. ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయములోని కారణము వేరు. అక్కడ ఇశ్రాయేలీయులు తాము ఐగుప్తులో దాసులై యుండిన సంగతి జ్ఞాపకము చేసికొని, తమ దాసదాసీలను కూడ తమవలెనే విశ్రమింపనియ్యవలెను. ఐగుప్తులో ఇటుకల లెక్క తప్ప సెలవు లేదు. సెలవు లేనివాడే దాసుడు. కనుక విశ్రాంతి దినము విడుదల పొందిన జనుల గుర్తు. ఎద్దుకు, గాడిదకు, పరదేశికి సైతము అందులో పాలు ఉన్నది. యేడవ సంవత్సరమున భూమికి కూడ విశ్రాంతి నియ్యవలెనని ధర్మశాస్త్రము చెప్పుచున్నది.

ఈ రెండవ కారణమును జనులు తరచుగా మరచిరి. విశ్రాంతి దినము ఎప్పుడు గడచునా, ధాన్యము అమ్ముకొని తప్పు త్రాసుతో బీదలను మోసగింతుమా అని ఎదురుచూచిన వర్తకులను ఆమోసు ప్రవక్త గద్దించెను. వారు అంగడి మూసిరి గాని మనస్సు మూయలేదు. తరువాతి కాలములో యూదుల బోధకులు ఆ దినమున చేయరాని పనులను 39 రకములుగా లెక్కకట్టిరి. ఆజ్ఞను కాపాడవలెనను భక్తియే దానికి మూలము. అయినను ప్రభువు కాలమునకు కొందరి చేతులలో ఆ భక్తి బరువైనది. పదునెనిమిది ఏండ్లు నడుము వంగిపోయిన స్త్రీని యేసు ప్రభువువారు విశ్రాంతి దినమున స్వస్థపరచినప్పుడు సమాజమందిరపు అధికారి కోపపడెను. పశువును నీళ్లకు విప్పుదురు గదా, ఈ అబ్రాహాము కుమార్తెను విప్పకూడదా అన్నది ప్రభువు జవాబు యొక్క సారము. ఆయన ఆ దినమును రద్దు చేయలేదు. దాని మొదటి అర్థమును తిరిగి ఇచ్చెను.

ప్రభువు దినము

పునరుత్థానము ఆదివారమున జరిగినందున ఆదిమ సంఘము ఆ దినమున కూడుకొనసాగెను. త్రోయలో రొట్టె విరుచుటకు కూడుకొనినది ఆదివారముననే. అయితే ఒక సంగతి మనము సాధారణముగా గమనింపము. ఆదివారము అప్పుడు సెలవు దినము కాదు. రోమా సామ్రాజ్యములో అది మామూలు పనిదినము. విశ్వాసులలో అనేకులు దాసులు. క్రీ.శ. 112 ప్రాంతమున బితూనియ అధిపతి ప్లినీ చక్రవర్తికి వ్రాసిన లేఖలో, క్రైస్తవులు ఒక నియమిత దినమున తెల్లవారకముందే కూడుకొని క్రీస్తును దేవుడని స్తుతించుచు పాడుదురని తెలిపెను. నిజము తెలిసికొనుటకు సంఘ పరిచారకులైన ఇద్దరు దాసీలను హింసపెట్టించితినని కూడ వ్రాసెను. యజమానులు నిద్ర లేవకముందే వచ్చి ఆరాధించి పనికి పరుగెత్తినవారే మన ఆత్మీయ పితరులు, మాతలు.

క్రీ.శ. 155 ప్రాంతమున రోమాలో జస్టిన్ ఆదివారపు ఆరాధనను వర్ణించెను. అందులో లేఖన పఠనము, ప్రసంగము, ప్రార్థన, రొట్టె, ద్రాక్షారసము ఉన్నవి. చివర కానుక పట్టి అనాథలకు, విధవరాండ్రకు, రోగులకు, చెరలోనున్నవారికి, పరదేశులకు ఉపయోగించిరి. నేటి మన ఆరాధన క్రమము దాదాపు ఇదే.

సేద్యగాడు మిగిలిపోయెను

క్రీ.శ. 321లో కాన్స్టంటైన్ చక్రవర్తి ఆదివారమును సెలవుగా శాసించెను. న్యాయస్థానములు, పట్టణవాసులు, పనిశాలలు విశ్రమింపవలెను. కాని సేద్యమునకు మినహాయింపు. విత్తుటకు అదను తప్పరాదని కారణము చెప్పబడెను. అనగా సామ్రాజ్యపు మొదటి ఆదివారపు చట్టము పొలములో పాటుపడువానిని బలవంతముగా ఆపలేదు, విడిపించనూ లేదు. అదే శతాబ్దములో లవొదికయ మహాసభ కూడ ఆదివారమున వీలైనచో విశ్రమింపుడని చెప్పెను. "వీలైనచో" అను ఆ మాటలో బీదల బ్రదుకంతయు ఉన్నది.

తరువాతి శతాబ్దములలో ఐరోపాలో ఈ దినమును గూర్చి వాదములు పెరిగినవి. ఇంగ్లండులో 1618లో జేమ్స్ రాజు ఆదివారపు ఆరాధన పిమ్మట కొన్ని ఆటలకు అనుమతినిచ్చెను. ప్యూరిటనులు దానిని తీవ్రముగా ఎదిరించిరి. మన మిషనరీలలో అనేకులు ఆ కట్టుబాటు గల ఇండ్ల నుండి వచ్చినవారే.

తెలుగు పల్లెలలో

1866లో ఒంగోలు వచ్చిన జాన్ క్లౌ దొరగారు క్రొత్త విశ్వాసుల ముందు మూడు నియమములుంచిరి: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. యెర్రగుంట్ల పేరయ్యగారి సాక్ష్యము ద్వారా మాదిగ పల్లెలలో సువార్త వ్యాపించుచున్న కాలమది. ఈ మూడింటిలో మొదటిది ఊరి పెద్దలకు మిక్కిలి కోపము తెప్పించెను. చెప్పులు, కపిల బానలు కుట్టువాడు, కోతకు పోవువాడు, జాతరలో డప్పు కొట్టువాడు పిలిచినప్పుడెల్ల రావలెననుట ఊరి కట్టు. కూలికి బదులు కళ్లములో కొలిచే ధాన్యమే అతని కుటుంబపు ఆధారము. అట్టివాడు "ఈ దినము రాలేనయ్యా" అనుట చిన్న మాటా? వేధింపులు కలిగినవి. అయినను సంఘము పెరిగెను. కరవు తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఇది మన సహోదర బాప్తిస్టు సంఘపు చరిత్ర. అయినను మన పల్లెల పెద్దలను అడిగినచో ఇటువంటి సంగతులే చెప్పెదరు. ఆ కూలివానికి ఆదివారము వేదాంత చర్చ కాదు. వారమునకు ఒక దినమైనను నా ఒడలు నాది, నా దేవునిది అని చెప్పుకొనుట. ద్వితీయోపదేశకాండము చదువనేరని జనులు దాని అర్థమును బ్రదికి చూపిరి.

దేశములో చట్టము తరువాత వచ్చెను. బొంబాయి మిల్లు కార్మికులకు వారపు సెలవు కొరకు నారాయణ మేఘాజీ లోఖండే పోరాడెను. 1891 ఫ్యాక్టరీల చట్టము కార్మికులకు వారమునకొక సెలవు నిచ్చెను. వెట్టిచాకిరిని నిషేధించు చట్టము 1976లో గాని రాలేదు.

మన కర్తవ్యము

శనివారమా, ఆదివారమా అని కొందరు సహోదరులు మనతో వాదింతురు. దినముల విషయమై ఒకరినొకరు తీర్పు తీర్చవద్దని పౌలు రోమీయులకు బోధించెను. నేను వేరొక ప్రశ్న అడుగగోరుచున్నాను. మన విశ్రాంతిలో ఎవరికి పాలున్నది?

దేవుని కృపవలన, చదువువలన మనలో అనేకులు నేడు పని ఇచ్చువారైరి. మన ఇంట అంట్లు తోమునామెకు వారములో ఒక దినమైనను జీతము కోయని సెలవున్నదా? మనము మందిరములో కూర్చున్నప్పుడు మన దుకాణములో నిలబడిన కుఱ్ఱవాని సంగతి ఏమి? ఆరాధన ముగిసి ఇల్లు చేరిన తరువాత బంధువులందరికి వండి వడ్డించు తల్లికి ఆదివారము వారములోకెల్ల బరువైన దినము గదా! నర్సులు, బస్సు డ్రైవర్లు, పోలీసులు ఆదివారము పని చేయక తప్పదు. అది దయగల పని. అట్టివారికి మరియొక దినము దొరకవలెను. కూలికి పోకపోతే పొయ్యి రాజుకోనివాని పేరును హాజరు పట్టీలో కొట్టివేయుటకు ముందు, అతని కొరకు ప్రొద్దుగ్రుంకిన తరువాత ఆరాధన పెట్టగలమా అని సంఘ కమిటీలు యోచింపవలెను. తెల్లవారకముందు కూడుకొనిన ఆదిమ సంఘము మనకు మాదిరి.

దేవుని ప్రజలకు ఇంకను ఒక విశ్రాంతి మిగిలియున్నదని హెబ్రీ పత్రిక బోధించుచున్నది. ప్రతి ఆదివారము దానికి బయానా వంటిది. బయానా మనము పుచ్చుకొని పొరుగువానికి అడ్డుపడుట న్యాయము కాదు. రెండవ నూరు సంవత్సరములలో అడుగిడుచున్న మన సంఘములలో యజమానుడును పనివాడును, వండునామెయు తినువాడును ఒక్కటిగా విశ్రమించు ఆదివారములను ప్రభువు దయచేయును గాక.