మునిగిన ఓడ నేర్పిన విత్తన శుద్ధి

గోధుమ వెన్ను చూడ్డానికి నిండుగానే ఉంటుంది. గింజ తీసి వేళ్ల మధ్య నలిపితే మాత్రం పిండికి బదులు నల్లటి పొడి రాలుతుంది, కుళ్లిన చేపల కంపు గుప్పుమంటుంది. యూరప్ రైతును వందల ఏళ్లు ఏడిపించిన కాటుక తెగులు ఇదే. వాతావరణమనీ, నేల దోషమనీ ఎవరికి తోచింది వాళ్లు చెప్పేవారు.

కారణం తెలియకముందే విరుగుడు దొరికింది. 17వ శతాబ్దంలో ఇంగ్లండులోని బ్రిస్టల్ దగ్గర గోధుమల ఓడ మునిగింది. ఉప్పునీట నానిన గింజలు రొట్టెకు పనికిరాక విత్తనానికి వాడారు. ఆ ఏడు దేశమంతా పంట నల్లబడినా, ఈ గింజల పంట శుభ్రంగా వచ్చిందట. విత్తే యంత్రం చేసి పేరు తెచ్చుకున్న జెత్రో టల్ ఈ సంగతి తన పుస్తకంలో రాశాడు. విత్తనాన్ని ఉప్పునీట నానబెట్టి సున్నం పట్టించడం అక్కడ వాడుకలోకి వచ్చింది.

1755లో ఫ్రాన్సులో మథ్యూ టిలే, ఉద్యోగరీత్యా టంకశాల అధికారి, మడులు కట్టి పరీక్షించి చూశాడు. నల్లపొడి అంటిన విత్తనం వేసిన మడిలోనే తెగులు! అయినా ఆ పొడిలో ఏదో విషముందనుకున్నాడే గానీ ప్రాణముందనుకోలేదు. అది శిలీంధ్రమని, దాని బీజాలు మొలకెత్తడం మైక్రోస్కోపులో చూసి 1807లో తేల్చినవాడు ప్రెవో అనే శాస్త్రజ్ఞుడు. రాగి తగిలిన నీళ్లలో అవి మొలకెత్తవనీ కనిపెట్టాడు. పారిస్ పండితులు నమ్మలేదు. రాగి లవణమైన మైలుతుత్తం నీళ్లలో విత్తనం నానబెట్టడం ఆ శతాబ్దం రెండో సగానికి గానీ బాగా వ్యాపించలేదు.

ఇదంతా గింజ పైపొర మీద ఉండే తెగులు మాట. మరో రకం కాటుక గింజ లోపలి మొలకలోనే దాక్కుంటుంది, పైన పూసే ఆనాటి మందులేవీ దానికి తగిలేవి కావు. దీనికి డెన్మార్క్‌లో యెన్సెన్ అనే పరిశోధకుడు వేడినీళ్ల పద్ధతి తెచ్చాడు. కానీ వేడి కాస్త ఎక్కువైతే మొలకే చస్తుంది. 1930లలో పంజాబులో లూథ్రా అనే శాస్త్రజ్ఞుడు దీన్ని సులువు చేశాడు: మండు వేసవిలో పొద్దున్నే విత్తనాన్ని నాలుగు గంటలు నానబెట్టి, మధ్యాహ్నపు ఎండలో పలచగా ఆరబోయాలి. తడికి మేల్కొన్న శిలీంధ్రం ఎండకు మాడిపోతుంది. ఖర్చు లేని ఈ ఉపాయమే నా దృష్టిలో ఈ కథలోకెల్లా గొప్పది.

విత్తనానికి పట్టించే మందుల్లో చాలా బలంగా పనిచేసింది పాదరసం. దానికి మూల్యం ఇరాక్ చెల్లించింది. 1971లో అక్కడికి పాదరసం పట్టించిన విత్తన గోధుమలు దిగుమతయ్యాయి. సంచుల మీద హెచ్చరికలు పల్లె జనం చదవలేని భాషల్లో ఉన్నాయి. ఎర్రరంగు కడిగితే విషమూ పోతుందనుకుని కొందరు రొట్టెలు కాల్చుకున్నారు. లెక్కకు వచ్చినవారిలోనే 6,530 మంది ఆస్పత్రి పాలయ్యారు, 459 మంది చనిపోయారు.

ఇక మన పొలాలకు వస్తే, జొన్న కాటుకకు గంధకం పొడి పాత మందే. సజ్జ విత్తనాన్ని ఉప్పునీట పోస్తే తేనెబంక తెగులు సోకిన గింజలు పైకి తేలతాయి, తీసిపారేసి మిగతావి మంచినీట కడిగి ఆరబెడతారు. వరికి కిలో విత్తనానికి 3 గ్రాముల కార్బెండాజిమ్ పొడి పట్టిస్తారు. మందు పట్టించిన విత్తనం మిగిలితే కడిగి వండుకోకండి, కోళ్లకూ వేయకండి. రంగు పోతుంది, మందు పోదు.