మహిమ ధ్యానం (హెబ్రోను ఆరాధన)

దేవుడు చేసిన మేళ్లకంటే ముందు ఆయన ఎవరో తలచుకొని స్తుతించే క్రైస్తవ సాధన. మహిమకు హెబ్రీ మాట కాబోద్. దాని మూలార్థం బరువు. హైదరాబాద్‌లో అమీర్‌పేట, పంజగుట్టలకు తూర్పున, హుస్సేన్‌సాగర్ అవతల, గోల్కొండ చౌరస్తాలోని హెబ్రోను అనే క్రైస్తవ సహవాసం ఈ సాధనకు పేరుపొందింది. పంజాబీ సిక్కు కుటుంబంలో పుట్టిన భక్తసింగ్ (1903–2000) దాన్ని నెలకొల్పారు.

ఈ సహవాసపు ఆదివారపు ఆరాధన తొందరపడదు. చెప్పులు బయట విడిచి నేలమీద కూర్చుంటారు. రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ముందు కోరికలు పక్కనబెట్టి, ఒకరి తర్వాత ఒకరు క్రీస్తు గుణాలను స్తుతిస్తారు. చదువురాని మనిషి మాటకూ పండితుడి మాటకూ అక్కడ ఒకే విలువ. తర్వాత ప్రేమవిందు: కులం ఎంచకుండా ఒకే బంతిలో భోజనం. ఆరాధన మనిషి స్వభావాన్ని తాకిందో లేదో తేలేది నిజానికి ఈ బంతిలోనే. ప్రభువు మహిమను చూసేవారు క్రమంగా ఆ పోలికలోకే మారతారని కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో పౌలు చెప్పాడు. అందుకు ఆయన ఎత్తుకున్న ఉదాహరణ మోషే. సీనాయి కొండ దిగినప్పుడు అతని ముఖం ప్రకాశించిందని నిర్గమకాండం చెబుతుంది. ఆ సంగతి మోషేకు మాత్రం తెలియదు.