పుట్టింటి విశ్రాంతి, ఆసుపత్రి మంచం

కడుపులో ఇద్దరున్నారని స్కానింగులో తేలగానే "ఇక మంచం దిగొద్దు" అనడం భవానీపురంలో, ఆ మాటకొస్తే బెజవాడ అంతటా, ఎవరూ మారు ప్రశ్న వేయని మాట. ఇంద్రకీలాద్రికి పడమట, కృష్ణ ఒడ్డున పెరిగిన ఈ పేటలో హౌసింగ్ బోర్డు కాలనీ ఇళ్లయినా, హైవే పక్కన లేచిన అపార్టుమెంట్లయినా అదే మాట. డాక్టరు "కాస్త రెస్టు తీసుకోమ్మా" అంటే ఇంటికొచ్చేసరికి అది పూర్తి బెడ్ రెస్టు అయి కూర్చుంటుంది. కంచం మంచం దగ్గరికే వస్తుంది, వీధి గుమ్మం దాకా నడిస్తే ఇంటిల్లిపాదీ కేకలేస్తారు. ఇది అమ్మమ్మల కాలం నుంచీ వస్తున్న పద్ధతని చాలామంది నమ్మకం. కానే కాదు. కవల గర్భంతో మంచానికి అంటిపెట్టుకోవడం గట్టిగా డెబ్బై ఏళ్ల కిందట పరాయి దేశాల ఆసుపత్రుల్లో స్థిరపడిన అలవాటు. కృష్ణా డెల్టాలో అంతకు ముందున్న ఆచారం గర్భిణికి చాకిరీ నుంచి సెలవిచ్చింది గానీ, ఆమెను పరుపుకు కట్టెయ్యలేదు. ఈ రెండూ ఒకటేననుకోవడంతో మన ఆశ పెట్టకూడని చోట పెట్టుకున్నాం.

అసలు కవలలకు ప్రత్యేకంగా ఒక ఆచారం ఉండాలంటే కవలలని ముందే తెలియాలి కదా. మంత్రసాని చేతి మీద పురుళ్లు జరిగిన రోజుల్లో పొట్ట పెద్దదిగా ఉందని అనుమానించేవారేమో గానీ, మొదటి బిడ్డ బయటపడ్డాక లోపల ఇంకొకరున్నారని తెలిసిన సందర్భాలే ఎక్కువ. జంట అరటిపండు తినొద్దని ఆడపిల్లలకు చెప్పడం వరకే కవలల గురించి మన పెద్దల ముందుజాగ్రత్త. ఇక మామూలు గర్భిణికి వాళ్లు చెప్పిన జాగ్రత్తలు చూస్తే మంచానికి అనుకూలంగా ఉండేవి తక్కువ. పక్క మీద ఒక వైపు నుంచి మరో వైపుకు దొర్లకూడదు, లేచి కూర్చుని అప్పుడు రెండో వైపు తిరిగి పడుకోవాలి, లేకపోతే బొడ్డుపేగు బిడ్డ మెడకు చుట్టుకుంటుందని ఇప్పటికీ అంటారు. చరక సంహిత శారీరస్థానంలో కూడా దీనికి దగ్గరి మాట ఉంది: ఎప్పుడూ వెల్లకిలా పడుకునే గర్భిణి బిడ్డకు నాడి మెడకు చుట్టుకుంటుందనీ, ఎప్పుడూ నిద్రలో ఉండే తల్లికి మందకొడి బిడ్డ పుడతాడనీ అంటుంది. పేగు చుట్టుకోవడానికి, తల్లి పడకకు సంబంధం లేదన్నది వేరే సంగతి. కారణం తప్పయినా, గర్భిణి కదలకుండా పడి ఉండటం మంచిది కాదన్నది ఆ పాత దృష్టి.

మరి పాత ఆచారం ఏమిచ్చింది? పుట్టిల్లిచ్చింది. తొలి కాన్పుకు పిల్లను పుట్టింటికి తీసుకురావడం డెల్టాలో దాదాపు అన్ని కులాలకూ ఉన్న రివాజు. సీమంతం చేసి, గాజులు తొడిగి, ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో, బేసి నెల చూసి తెస్తారు. ఆ సంబరంలో గుర్తుండిపోయే వస్తువు చలిమిడి. నానబెట్టిన బియ్యాన్ని తడి ఆరకముందే దంచి, జల్లించి, ఆ తడిపిండిని బెల్లంతో కలిపి ముద్ద చేస్తారు. కొందరు పాకం పట్టి నెయ్యి, కొబ్బరి ముక్కలు, గసగసాలు వేస్తారు. పసుపు కుంకుమ, పండ్లు, పూలతో కలిపి దాన్ని ఒడిలో పెడతారు, కడుపు చలవ అంటారు. తినే ముద్ద చిన్నదే. పెట్టడానికి వచ్చిన పది మంది ఆడవాళ్లు ముఖ్యం. ఈమె ఫలానా ఇంటి పిల్ల, ఇకపై ఈమె బరువు ఎత్తదు, నీళ్ల బిందె మోయదు, పొయ్యి దగ్గర చివర తినదు అని వీధికంతటికీ చాటింపు వేసినట్టు. నాట్లు, కలుపుతీతలు, కుప్పనూర్పిళ్ల మధ్య నడిచే కోడలి జీవితంలో అది పెద్ద విరామం. ఆమె అక్కడ పడుకుని ఉండదు. తిరుగుతుంది, తింటుంది, చుట్టుపక్కల వాళ్లతో మాట్లాడుతుంది. పైగా కవలలు తరచుగా తొందరపడి వచ్చేది కూడా ఏడో నెల దాటాకే. తెలిసి చేసినా తెలియక చేసినా ఆ సమయానికి ఆమె అత్తింటి పనిలో లేదు.

విచిత్రమేమిటంటే యూరప్‌లో గర్భిణి విశ్రాంతి గురించిన తొలి ఆధారాలు కూడా పరుపు గురించి కాదు, పని గురించే. 1895లో పారిస్ వైద్యుడు అడాల్ఫ్ పినార్ కాన్పు దాకా పనిచేసిన పేద స్త్రీల బిడ్డలనూ, చివరి నెలల్లో ఆశ్రయ గృహంలో ఉండి తిండి, విరామం దొరికిన స్త్రీల బిడ్డలనూ తూచి, రెండో వాళ్ల బిడ్డలు ఎక్కువ బరువున్నారని చూపించాడు. అది పారిస్ పుట్టిల్లు. 1901లో ఎడిన్‌బరో ప్రసూతి ఆసుపత్రిలో వైద్యుడు బాలంటైన్ గర్భిణుల కోసమే ఒక మంచం కేటాయింపజేశాడు. అక్కడి నుంచి ఆశ్రయం కాస్తా మంచమైంది. 1950లలో బ్రిటన్ వైద్యులు కవల తల్లులను చివరి నెలల్లో ఆసుపత్రిలో చేర్చి పడుకోబెట్టాలనడం మొదలుపెట్టారు. 1958లో గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ బృందం అల్ట్రాసౌండ్‌ను ప్రసూతి వైద్యంలోకి తెచ్చింది. 1970లలో స్వీడన్‌లోని మాల్మోలో గర్భిణులందరికీ స్కాన్ చేసి, కవలలున్న వాళ్లను వారాల తరబడి విశ్రాంతిలో ఉంచారు, ఫలితాలు బాగున్నాయన్నారు. కవలలని ముందే తెలుసుకోవడం, మంచం ఎక్కించడం జంటగా వ్యాపించాయి. బాగుపడింది స్కాన్ వల్లనా, మంచం వల్లనా అని మాత్రం విడదీసి చూడలేదు.

విడదీసి చూసింది జింబాబ్వేలో. హరారేలో 212 మంది కవల తల్లులను లాటరీ వేసినట్టు రెండు జట్లు చేసి, ఒక జట్టును ఆసుపత్రిలో పడుకోబెట్టి, రెండో జట్టును ఇంటి దగ్గరే ఉండనిచ్చారు. 1985లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఫలితం అందరినీ తికమక పెట్టింది: ఆసుపత్రి మంచం మీద ఉన్నవాళ్లకే నెలలు నిండని కాన్పులు ఎక్కువయ్యాయి. తర్వాత జరిగిన అధ్యయనాలన్నీ కలిపి కోక్రేన్ సమీక్షలు తేల్చిందీ అదే, ఇబ్బందులేవీ లేని కవల గర్భానికి మంచం వల్ల ముందస్తు కాన్పు ఆగదు. బిడ్డల బరువు కాస్త పెరగొచ్చన్న సూచన ఉంది, దాన్ని దాచనక్కర్లేదు. కానీ తూకానికి అటువైపు కాళ్లలో రక్తం గడ్డకట్టడం, కండ కరగడం, ఎముక పలచబడటం, గదిలో ఒంటరి దిగులు ఉన్నాయి. అందుకే అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం బెడ్ రెస్టును మామూలు సలహాగా ఇవ్వొద్దని చెబుతోంది.

మన వైపు ఆసుపత్రి కాన్పు చరిత్రకు తొలి గుర్తులు గుంటూరులో ఉన్నాయి. 1883లో వచ్చిన మిషనరీ వైద్యురాలు అన్నా కుగ్లర్ అక్కడ 1898లో ఆసుపత్రి తెరిచారు. బెజవాడలో ప్రాక్టీసు చేసిన డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ 'ప్రసూతి - శిశుపోషణ' అని ఇంటి ఆడవాళ్ల కోసం తెలుగులో పుస్తకం రాశారు. 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు వెళ్లారు. గర్భిణికి విషయం తెలియజెప్పడమే సగం ధైర్యమని నమ్మిన తరం అది. 1980లో బెజవాడలో సిద్ధార్థ వైద్య కళాశాల, ఆ వెనక వీధి వీధికీ స్కానింగ్ సెంటర్లు, 2000 తర్వాత సంతాన సాఫల్య కేంద్రాలు వచ్చాయి. ఐవీఎఫ్‌తో కవలలు పెరిగారు, లక్షలు పోసి తెచ్చుకున్న గర్భమన్న భయమూ పెరిగింది. 2019 సెప్టెంబరులో గుంటూరులో 74 ఏళ్ల మహిళకు కవల ఆడపిల్లలు పుట్టడం ఆ ధోరణికి చివరి అంచు. 2021 చట్టం ఇలాంటి చికిత్సకు స్త్రీ వయసు 50 దాటకూడదని గీత గీసింది. ఖర్చు పెరిగేకొద్దీ కాలు కింద పెట్టనివ్వకపోవడమూ పెరిగింది.

"మా అమ్మాయి ఆరు నెలలు పడుకుంది, ఇద్దరూ నిక్షేపంగా పుట్టారు" అనేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. పడుకోకపోయినా అలాగే పుట్టిన ఇళ్లలో ఆ ముచ్చట చెప్పుకోరు, చెప్పుకోవడానికి ఏమీ లేదు గనక. ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఇంకోటుంది: ఏమీ చేయలేని నెలల్లో మంచమైనా ఒక పని కదా, ఆ ఆశను ఎందుకు లాక్కోవడం? లాక్కోవాల్సింది ఎందుకంటే ఆ ఆశ వెనక నింద ఉంది. కవలల్లో సగానికి పైగా 37 వారాలు నిండకుండానే పుడతారు. మంచమే కాపాడుతుందని నమ్మిన ఇంట్లో అలా జరిగితే, "బాత్రూముకు పదిసార్లు లేచావు, అందుకే" అన్న మాట తల్లి జీవితాంతం మోస్తుంది. పాత ఆచారం మాత్రం నింద వేయలేదా అంటే, వేసింది. గ్రహణం నాడు కత్తి పట్టిందని మొర్రి బిడ్డ నేరం తల్లి మీద తోసిన సమాజమే ఇది. ఆ భాగాన్ని వెనకేసుకు రానక్కర్లేదు. నిజంగా ఆశ పెట్టుకోదగ్గవి వేరే ఉన్నాయి. 1972లో ఆక్లండ్‌లో వైద్యులు లిగ్గిన్స్, హౌవీ చూపించిన స్టెరాయిడ్ ఇంజెక్షన్, నెలలు నిండని బిడ్డ ఊపిరితిత్తులు పక్వానికి రావడానికి తల్లికిచ్చేది. 1978లో బొగొటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలైన కంగారూ పద్ధతి, బిడ్డను తల్లి గుండెకు ఆనించి పెంచేది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలై పల్లెలకు చేరిన 108 బండి. ఏడో నెల బిడ్డ బతుకుతుంది గానీ ఎనిమిదో నెల బిడ్డ బతకదన్న పాత మాట శుద్ధ అబద్ధం, నెలలు నిండేదాకా కడుపులో ఉన్న ప్రతి వారమూ బిడ్డకు లాభమే. బీపీ పెరిగినా, మాయ కిందికి ఉన్నా, ఒక బిడ్డ ఎదగకపోయినా డాక్టరు ఆసుపత్రిలో చేరమంటే చేరాల్సిందే. అది కనిపెట్టుకుని చూడటానికి, కదలకుండా ఉంచడానికి కాదు.

ఒక్క అభ్యంతరానికి మాత్రం నేను తలొగ్గుతాను. బెడ్ రెస్టు అన్న చీటీ లేకపోతే ఆమెకు ఇంటి చాకిరీ నుంచి సెలవు దొరకదు. తల్లి పల్లెలో, ఆసుపత్రి పట్నంలో ఉండటంతో ఇప్పుడు చాలా ఇళ్లలో పుట్టిల్లే క్యారేజీ సర్దుకుని భవానీపురం వస్తోంది; రాలేని చోట డాక్టరు చీటీయే పుట్టిల్లు. అయితే దానికి విరుగుడు సెలవే గానీ మంచం కాదు. 1961 ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించి సెలవును 26 వారాలు చేసినా, అనుకున్న తేదీకి ముందు వాడుకోగలిగింది ఎనిమిది వారాలే. కవలలకని అదనంగా ఏమీ లేదు, గర్భం వల్ల జబ్బు చేస్తే ఒక నెల. ముప్పై నాలుగో వారంలో కాన్పు వచ్చే తల్లికి ఆ లెక్క ప్రకారం ముందు దక్కేది రెండు వారాలు. వరి నాట్లకు వెళ్లే కూలీకి ఆ రెండు వారాలూ లేవు.