శిశువులలో హిర్ష్‌స్ప్రంగ్ వ్యాధి: రోబో సహాయక శస్త్రచికిత్సపై నేపథ్య సమాచారం

పెద్దపేగు చివరి భాగంలో నాడీకణాలు లేకుండానే శిశువు జన్మించడం వలన మలం ముందుకు కదలక నిలిచిపోయే స్థితిని హిర్ష్‌స్ప్రంగ్ వ్యాధిగా వ్యవహరిస్తారు. సుమారు 5,000 జననాలకు ఒకటి చొప్పున కనిపించే ఈ లోపం ఆడశిశువుల కంటే మగశిశువులలో దాదాపు నాలుగు రెట్లు అధికం. శస్త్రచికిత్సయే దీనికి చికిత్స. ఈ శస్త్రచికిత్సను రోబో సాయంతో నిర్వహించే పద్ధతి పలు దేశాలలో ఆచరణలోకి వచ్చిన దృష్ట్యా, ఆ యంత్రం ఎంతవరకు ఉపకరిస్తుంది, ఎక్కడ ఉపకరించదు అనే వివరాలను పాత్రికేయుల, అధికారుల సమాచారార్థం ఇక్కడ పొందుపరచడమైనది.

వ్యాధి స్వరూపం

గర్భస్థ శిశువులో పేగు కదలికను నియంత్రించే నాడీకణాలు పైనుంచి కిందికి, అనగా అన్నవాహిక వైపు నుంచి మలద్వారం వైపు వలస వస్తాయి. గర్భధారణ తొలి మూడు నెలలలో పూర్తి కావలసిన ఈ ప్రయాణం మధ్యలో ఆగిపోతే, ఆగిన చోటు నుంచి కింది భాగమంతా నాడీకణాలు లేకుండా మిగులుతుంది. ఆ భాగం ఎల్లవేళలా బిగుసుకొని ఉంటుంది. దాని పైనున్న ఆరోగ్యకరమైన పేగు మలంతో, వాయువుతో ఉబ్బిపోతుంది. చూచినవారికి ఉబ్బిన భాగమే వ్యాధిగ్రస్తమైనట్లు తోచడం సహజం. వాస్తవంలో లోపం సన్నగా, మామూలుగా కనిపించే కింది భాగంలో ఉంటుంది. డెన్మార్క్ శిశువైద్యుడు హరాల్డ్ హిర్ష్‌స్ప్రంగ్ ఈ వ్యాధిని 1886లో వివరించినప్పటికీ, తొలగించవలసినది ఏ భాగాన్నో స్పష్టమై సరియైన శస్త్రచికిత్స రూపొందడానికి 1948 వరకు ఆగవలసి వచ్చింది. అమెరికా శస్త్రవైద్యుడు ఓర్వర్ స్వెన్సన్ తన సహచరునితో కలిసి ఆ సంవత్సరం ప్రకటించిన పద్ధతిలో నాడీకణాలు లేని భాగాన్ని తొలగించి, ఆరోగ్యకరమైన పేగును కిందికి లాగి మలద్వారం సమీపాన అతికిస్తారు. నేటి పద్ధతులన్నింటికీ ఇదే మూలం.

నెలలు నిండి పుట్టిన శిశువులలో పదింట తొమ్మిది మందికి పైగా 24 గంటలలోపు నల్లని తొలి మలాన్ని విసర్జిస్తారు. 48 గంటలు దాటినా విసర్జన జరగకపోవడం, పొట్ట ఉబ్బడం, ఆకుపచ్చని వాంతులు కావడం ఈ వ్యాధికి ముఖ్య సూచనలు. మన గ్రామాలలో బిడ్డకు విరేచనం కాకపోతే తమలపాకు కాడకు ఆముదం రాసి మలద్వారంలో ఉంచే అలవాటు ఉన్నది. ఈ వ్యాధి ఉన్న శిశువులో ఆ స్పర్శకే నిలిచిన మలం, వాయువు ఒక్కసారిగా వెలువడి పొట్ట తగ్గుతుంది. బాధ తీరిందని కుటుంబం భావిస్తుంది. కొన్ని రోజులకు పొట్ట మళ్లీ ఉబ్బుతుంది. ఈ విధంగా వారాలు, నెలలు గడచిపోయిన సందర్భాలలో ఎంటరోకోలైటిస్ అనే తీవ్రమైన పేగువాపు సోకి ప్రాణాపాయం ఏర్పడవచ్చు. ఈ వ్యాధిలో మరణాలకు ప్రధాన కారణం అదే.

రోబో పాత్ర

1995లో లాపరోస్కోపీ ద్వారా, 1998లో పొట్ట కోయకుండా కేవలం మలద్వారం గుండా ఈ శస్త్రచికిత్స చేసే విధానాలు వెలుగులోకి వచ్చాయి. డావిన్సీ రోబో యంత్రానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2000లో అనుమతి ఇచ్చింది. శిశువులలో రోబో సాయంతో స్వెన్సన్ పద్ధతి శస్త్రచికిత్సలను అమెరికా వైద్యులు 2011లో ప్రకటించారు. తదుపరి కాలంలో వియత్నాం, చైనా వైద్యులు కూడా తమ అనుభవాలను వైద్య పత్రికలలో వెల్లడించారు.

"రోబో ఆపరేషన్ చేసింది" అనే శీర్షిక సరికాదు. యంత్రం తనంతట తాను ఏమీ చేయదు. శస్త్రవైద్యుడు కొన్ని అడుగుల దూరంలో కూర్చుని, లోతు తెలిసేలా పెద్దదిగా కనిపించే దృశ్యాన్ని చూస్తూ తన చేతులను కదిపితే, రోబో చేతుల కొనలనున్న పరికరాలు ఆ కదలికను చిన్నది చేసి అనుసరిస్తాయి. చేతి వణుకు పరికరానికి చేరదు. పరికరం కొన మణికట్టు వలె వంగుతుంది.

ఈ గుణం శిశువు కటికుహరంలో ఉపయోగపడుతుంది. అక్కడ పురీషనాళానికి ఆనుకొని మూత్రాశయాన్ని, జననాంగాలను నియంత్రించే నాడులు ఉంటాయి. పేగు గోడను వదలక, దానిని అంటిపెట్టుకొని విడదీస్తూ పోవాలి. సూటిగా ఉండే లాపరోస్కోపీ పరికరాలతో ఆ ఇరుకు చోట పని కష్టం. పైనుంచే లోతుగా విడదీయగలిగితే, కిందినుంచి మలద్వార కండరాన్ని సాగదీసి ఉంచే సమయం తగ్గుతుంది. ఆ కండరం దెబ్బతింటే పిల్లవాడికి మలాన్ని ఆపుకొనే శక్తి లోపిస్తుంది. బడికి వెళ్లే వయస్సులో దాని పర్యవసానం ఆ కుటుంబానికే తెలుస్తుంది. రోబోను సమర్థించే వైద్యుల వాదనలో బలమైన అంశం ఇదే.

పరిమితులు

యంత్రం పెద్దవారి కొలతలకు తయారైనది. శిశువులకు లాపరోస్కోపీలో 3 మిల్లీమీటర్ల పరికరాలు లభిస్తుండగా, డావిన్సీ యంత్రంలో సాధారణంగా వాడేవి 8 మిల్లీమీటర్లవి. రోబో చేతులు ఒకదానికొకటి తగలకుండా రంధ్రాల మధ్య కొన్ని సెంటీమీటర్ల ఎడం కావాలి. మూడు నెలల శిశువు పొట్టపై ఆ ఎడం దొరకడమే కష్టం. యంత్రపు చేతుల కింద శిశువు దాదాపు కనిపించదు కనుక, మత్తు వైద్యునికి అత్యవసరంగా బిడ్డను అందుకోవడానికి ముందస్తు సాధన అవసరం. అనేక యంత్రాలలో కణజాలపు బిగువు చేతికి తెలియదు. కంటితోనే అంచనా వేయాలి. యంత్రం ధర కోట్ల రూపాయలలో ఉండగా, నిర్వహణ వ్యయం దానికి అదనం. ఇప్పటివరకు లభించిన ఫలితాలు ప్రధానంగా ఆయా ఆసుపత్రులు తమ రోగులపై సేకరించినవే కనుక లాపరోస్కోపీ కంటే రోబోయే మేలని సాధారణీకరించడం తొందరపాటు అవుతుంది.

వార్తాచిత్రాలలో యంత్రమే కనిపిస్తుంది. మైక్రోస్కోపు ముందు కూర్చున్న పాథాలజిస్టు కనిపించరు. శస్త్రచికిత్స సాగుతుండగానే పేగు ముక్కలను పరీక్షించి, నాడీకణాలు ఎక్కడినుంచి ఉన్నాయో చెప్పవలసినది వారే. ఆ నిర్ణయం తప్పితే నాడీకణాలు లేని భాగమే తిరిగి అతికించబడుతుంది. ఎంత ఖరీదైన యంత్రమూ ఆ పొరపాటును సరిదిద్దలేదు. శస్త్రచికిత్స విజయవంతమైన తరువాత కూడా ఎంటరోకోలైటిస్ రావచ్చు. కనుక కొన్ని సంవత్సరాల పర్యవేక్షణ తప్పనిసరి.

ఉభయ తెలుగు రాష్ట్రాలలో

హైదరాబాదులోని నిలోఫర్, విశాఖపట్నంలోని కింగ్ జార్జ్, గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులలో పిల్లల శస్త్రచికిత్స విభాగాలు ఉన్నాయి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకంలో శిశువుల పేగు లోపాల శస్త్రచికిత్సలకు చోటు కల్పించారు. హైదరాబాదులోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో రోబో శస్త్రచికిత్స సదుపాయం 2023లో అందుబాటులోకి వచ్చింది. ప్రైవేటు ఆరోగ్య బీమాకు సంబంధించి, రోబో శస్త్రచికిత్సలను పాలసీల నుంచి మినహాయించరాదని బీమా నియంత్రణ సంస్థ 2019లో మార్గదర్శకాలు జారీ చేసింది. అయితే చెల్లింపుపై పరిమితి విధించే వెసులుబాటు బీమా సంస్థలకు ఉన్నది.

నవజాత శిశువుల గృహ సంరక్షణ కార్యక్రమం కింద, ఆసుపత్రిలో ప్రసవం జరిగిన పక్షంలో ఆశా కార్యకర్త తొలిసారి ఇంటికి వెళ్లేది మూడవ రోజున. తొలి మలం ఎప్పుడు అయినదని అప్పుడు తల్లిని అడగడానికి యంత్రమేదీ అవసరం లేదు. 48 గంటలలోపు కాలేదని తెలిసినా, ఆకుపచ్చని వాంతులు ఉన్నా, బిడ్డను అదే రోజున పిల్లల శస్త్రవైద్యులు ఉన్న ఆసుపత్రికి పంపాలి.