విక్రాంత్‌పై జెట్ విమానాల అవతరణ: 1971 యుద్ధచరిత్రలో ఒక విస్మృతాంశం

1. ఉపోద్ఘాతం

విశాఖ మన్యం చరిత్ర అనగానే 1922–24 నాటి పితూరీ స్ఫురిస్తుంది. అరకును పొదువుకొన్న తూర్పు కనుమలే విశాఖలో యారాడ కొండగా సముద్రాన్ని తాకుతాయి. ఆ తీరానికి 1971లో మరొక యుద్ధచరిత్ర ఏర్పడింది. అయితే జనస్మృతిలో అది ప్రధానంగా 'ఘాజీ' జలాంతర్గామి మునక కథగానే నిలిచింది. ఘాజీ వెదుకుతూ వచ్చిన 'విక్రాంత్' యుద్ధంలో ఎలా పాల్గొనగలిగిందన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. అవతరణ విధానం

విక్రాంత్ 1961 మార్చి 4న నౌకాదళంలో చేరింది. అదే సంవత్సరం మే 18న లెఫ్టినెంట్ ఆర్.హెచ్. తహిలియానీ దానిపై తొలి జెట్ విమానాన్ని దించారు. అనంతరకాలంలో ఆయన నౌకాదళాధిపతి అయ్యారు. నౌక పొడవు సుమారు 213 మీటర్లు. విమానానికి దక్కేది అందులో కొంత భాగమే. అద్దంలో కనిపించే దీపాన్ని గురిగా పెట్టుకొని పైలట్ దిగుతాడు. విమానం తోకభాగాన ఉన్న కొక్కెం డెక్కుపై అడ్డంగా కట్టిన ఉక్కుతాళ్లలో ఒకదానిని పట్టుకోవాలి. పట్టు తప్పితే వెంటనే తిరిగి గాలిలోకి లేవాలి.

3. వేగం, గాలి

విమానం దిగేటప్పుడు నౌక గాలికి ఎదురుగా సాగుతుంది. నౌక వేగం, ఎదురుగాలి వేగం రెండూ కలిసి డెక్కును తాకే విమానపు సాపేక్ష వేగాన్ని తగ్గిస్తాయి. 1970 జూన్‌లో విక్రాంత్ బాయిలర్లలో పగుళ్లు బయటపడ్డాయి. సుమారు 24 నాట్లతో సాగవలసిన నౌకను 1971 పరీక్షల అనంతరం 14 నాట్లకు పరిమితం చేశారు. పోయిన 10 నాట్లు గంటకు దాదాపు 18 కిలోమీటర్లు. గాలి లేనినాడు ఆ అదనపు వేగపు భారం ఉక్కుతాళ్లమీద, పైలట్ నైపుణ్యంమీద పడుతుంది.

అయినా డిసెంబరు 4 ఉదయం ఎనిమిది సీ హాక్ విమానాలు విక్రాంత్ నుండి లేచి కాక్స్ బజార్‌పై దాడి చేశాయి. తరువాత చిట్టగాంగ్ రేవు కూడా వాటి లక్ష్యమైంది.

4. ముగింపు

దాడి కథనాల్లో విమానం లేవడం, బాంబు పడడం కనిపిస్తాయి; తిరిగి దిగడం ఒక్క వాక్యంలో ముగిసిపోతుంది. కాని తొలి దాడికి వెళ్లిన విమానం క్షేమంగా దిగితేనే మలి దాడి సాధ్యం. ప్రమాదం జరిగితే నమోదయ్యే చరిత్ర, జరగకుండా కాపాడిన శ్రమను తరచుగా వదిలివేస్తుంది. విశాఖ తీరపు యుద్ధచరిత్రలో ఘాజీ మునకతోపాటు ఆ అవతరణలకూ స్థానం కల్పించడం సముచితం.